రాయల్ ఆస్కాట్: డబ్బు, పేరు రెండూ ఉన్నా రాయల్ ఎన్‌క్లోజర్‌లోకి ఎందుకు రానివ్వరు? చీరతో వెళ్ళొచ్చా?

సుజాత_రెడింగ్:

అందరికీ నమస్కారం అండి. వచ్చే జూన్‌లో ఇంగ్లండ్‌లో మా రెడింగ్ వైపు తెలుగువాళ్ళం ఓ 12 మందిమి రాయల్ ఆస్కాట్ గుర్రప్పందాలకి వెళ్దామనుకుంటున్నాం. టికెట్ల పేజీ చూస్తే క్వీన్ ఆన్, విలేజ్, విండ్సర్ ఎన్‌క్లోజర్లకి (ప్రేక్షకుల కోసం విడదీసిన ఆవరణలు) ధరలు ఉన్నాయి. రాయల్ ఎన్‌క్లోజర్ దగ్గర మాత్రం ధర లేదు, సభ్యత్వం అని ఉంది. దాంతో మా గ్రూపులో పెద్ద వాదన లేచింది. మన పెద్ద హీరో ఎవరైనా వస్తే తలుపులు బార్లా తీస్తారని కొందరంటున్నారు. కాదు, ఫార్ములా వన్ ఛాంపియన్‌నే గుమ్మం దగ్గర ఆపేశారు, మన హీరోల్ని ఎవరడుగుతారు అని ఇంకొందరు.

నాకు తెలియాల్సినవి ఇవి. ఆ సభ్యత్వం ఎలా ఇస్తారు? చీర కట్టుకుంటే అభ్యంతరం ఉంటుందా, టోపీ తప్పనిసరా? డబ్బూ కాదు, పేరూ కాదు అంటే వాళ్ళు చూసేది ఏమిటి? ఇది మన ఊళ్ళలో పాత క్లబ్బుల వరసేనా, వేరేదా? తెలిసినవాళ్ళు వివరంగా చెబితే మా అందరికీ ఉపయోగం.


బెర్క్‌షైర్_రావు:

సుజాత గారూ, ధర లేకపోవడంలోనే మీ మూడో ప్రశ్నకి జవాబు ఉంది. మిగతా మూడూ కొనుక్కునేవి. రాయల్ ఎన్‌క్లోజర్ ఒకరు పూచీ పడితే వచ్చేది. కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్ళకి, అప్పటికే కనీసం నాలుగేళ్ళు అక్కడికి వచ్చిన సభ్యుడి సిఫారసు కావాలి. దరఖాస్తు రాయల్ ఎన్‌క్లోజర్ ఆఫీసుకి వెళ్తుంది. ఒకసారి సభ్యులైతే ఏటా వాళ్ళే ఉత్తరం పంపి, ఏ రోజులకి బ్యాడ్జీలు కావాలో అడుగుతారు. బ్యాడ్జీ మీద పేరు చేత్తో రాస్తారు, రోజుకో రంగు. పేరున్న మనిషి తప్ప ఇంకెవరూ పెట్టుకోకూడదు. కాబట్టి ఎవరైనా "నా దగ్గర బ్యాడ్జీ మిగిలింది, కొంటారా" అంటే దూరంగా ఉండండి.

అందరూ బోల్తా పడేది ఇంకోచోట. ఖరీదైన భోజనం ప్యాకేజీ కొంటే అదే రాయల్ ఎన్‌క్లోజర్ అనుకుంటారు. ప్యాకేజీ వివరాల్లో ఎన్‌క్లోజర్ పేరు విడిగా రాసి ఉంటుంది. ఆ ఒక్క లైను చదవకుండా డబ్బు కట్టకండి.

ఇక బట్టలు. రాయల్ ఎన్‌క్లోజర్‌లో మగవాళ్ళకి నలుపు, బూడిద, నేవీ రంగుల్లో మార్నింగ్ డ్రెస్ (వెనక తోకలుండే పొడుగు కోటు సూటు), దానికి వెయిస్ట్‌కోట్, టై, నల్ల బూట్లు, నలుపో బూడిదో టాప్ హ్యాట్. క్రావట్ (మెడకి చుట్టే గుడ్డ) కట్టుకుంటే కుదరదు. టోపీకి రంగు రిబ్బన్లు చుట్టినా ఒప్పుకోరు. టోపీ తియ్యడానికి కూడా చోట్లున్నాయి: రెస్టారెంట్లో, ప్రైవేట్ బాక్సులో, వాటి టెర్రస్ మీద తియ్యొచ్చు. బయట పచ్చిక మీద తలపైనే ఉండాలి. ఆడవాళ్ళకి గౌను అంచు మోకాలికి కాస్త పైన ఆగొచ్చు, అంతకన్నా పొట్టి కాకూడదు. భుజం మీద పట్టీ కనీసం అంగుళం వెడల్పు. భుజాలు వదిలేసినవి, మెడ వెనక ముడి వేసేవి, సన్న దారాల పట్టీలు పనికిరావు. నడుం, పొట్ట కనిపించకూడదు. తలకి టోపీ ఉండాలి. టోపీ బదులు అలంకారం పెట్టుకుంటే దాని అడుగు గట్టిగా, కనీసం 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు ఉండాలి. చిన్న క్లిప్పుతో ఈకలు గుచ్చే ఫాసినేటర్లని 2012 నుంచి అక్కడ ఒప్పుకోవడం లేదు. జంప్‌సూట్లకి మాత్రం 2017లో దారిచ్చారు.

చీర సంగతి. దేశీయ లాంఛన దుస్తులకి నియమావళిలోనే చోటుంది, చీర అందులోకి వస్తుంది. 2022 జూన్‌లో లేడీస్ డే (పందాల వారంలో గురువారం) నాడు భారత సంతతి మహిళలు వందల మంది చేనేత చీరల్లో ఆస్కాట్‌కి వెళ్ళారు, పత్రికలన్నీ రాశాయి. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, నడుం కప్పాలన్న నియమం ఉంది కాబట్టి పొడుగు జాకెట్టు కుట్టించుకోండి, లేదా పమిట నడుం చుట్టూ తెచ్చి పిన్ను పెట్టండి. స్లీవ్‌లెస్ అయితే పట్టీ అంగుళం దాటాలి, వీపు పూర్తిగా తెరిచిన జాకెట్టు వద్దు. రెండు, టోపీ విషయం ఆ ఏడాది నియమాలు చూసి ఆఫీసుకి ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబు ఫోన్లో ఉంచుకోండి. గేటు దగ్గర ఉండేది కాంట్రాక్టు సిబ్బంది. వాళ్ళతో వాదించేకన్నా ఆ ఈమెయిల్ చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కుచ్చిళ్ళు మామూలు కంటే అంగుళం పైకి దోపుకోండి. అంతా పచ్చిక, వాన పడితే అంచు తడిసి బరువెక్కుతుంది. సన్న హీల్స్ మట్టిలో దిగబడతాయి, మడమ వెడల్పుగా ఉన్నవి వేసుకోండి. మగవాళ్ళకి షేర్వానీ గానీ బంద్‌గలా గానీ నప్పుతుంది.

హీరో సంగతికొస్తే, ఆయనకి కోటి మంది అభిమానులున్నా లెక్క ఒక్కటే: నాలుగేళ్ళ సభ్యుడు ఒకరు పూచీ పడతారా లేదా. పడితే అందరిలాగే వెళ్తాడు. లేకపోతే మీ పక్కన క్వీన్ ఆన్‌లో నిలబడతాడు.


పాతపుటలు:

రావు గారు ఇప్పటి పద్ధతి చెప్పారు. ఆ పూచీ వెనక చరిత్ర తెలిస్తే దాని అసలు పని అర్థమవుతుంది.

ఆస్కాట్ పందాలు 1711లో ఆన్ రాణి మొదలుపెట్టింది. రాయల్ ఎన్‌క్లోజర్‌కి పేర్లు వడకట్టే పని రాజు తరఫు ప్రతినిధిది. 1955 దాకా విడాకులు తీసుకున్నవాళ్ళకి రాయల్ ఎన్‌క్లోజర్‌లో ప్రవేశం లేదు. పైకి ఇది నీతి నియమం. దెబ్బ మాత్రం నాటకం, సినిమా వాళ్ళ మీద గట్టిగా పడింది, ఎందుకంటే బహిరంగంగా విడాకులు తీసుకున్నవాళ్ళు ఆ రంగంలో ఎక్కువ. నటుడు లారెన్స్ ఒలివియర్‌నే చూడండి. 1940లో విడాకులయ్యాయి, 1947లో నైట్‌హుడ్ ఇచ్చారు. అంటే రాజు కత్తి భుజం మీద ఆనించి 'సర్' అనిపించుకున్న మనిషి, అదే రాజు పచ్చిక మీద నిలబడడానికి నియమం ప్రకారం అనర్హుడు. మొత్తం వ్యవస్థ ఈ ఒక్క ఉదాహరణలో కనబడుతుంది. ప్రతిభని గౌరవించడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు అని వాళ్ళు స్పష్టంగా గీత గీసుకున్నారు.

రాణి దర్బారులో అమ్మాయిల్ని ప్రవేశపెట్టే ఆచారం ఇంకా కచ్చితంగా ఉండేది. ఏ స్త్రీనైనా ప్రవేశపెట్టాలంటే, ఆ పెట్టే ఆవిడ తాను అంతకు ముందు దర్బారులో ప్రవేశం పొంది ఉండాలి. గొలుసు తెగకుండా ఇలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రావాలి. తల మీద మూడు నిప్పుకోడి ఈకలు, వెనక నేల మీద జీరాడే పొడుగు వస్త్రం, మోకాలు వంచి నమస్కారం, ఇవన్నీ ముందే సాధన చేసి వచ్చేవారు. విక్టోరియా కాలంలో బ్యాంకర్ల, టోకు వర్తకుల ఆడవాళ్ళకి వీలుండేది. అంగడిలో కూచుని చిల్లరగా అమ్మేవాళ్ళ ఇంటివాళ్ళకి ఉండేది కాదు, ఆ అంగడి ఎంత పెద్దదైనా. రంగస్థల నటీమణులకి అసలే లేదు. ఈ ఆచారాన్ని 1958లో ఆపేశారు.

నటుల్ని దూరం పెట్టడానికి కారణం వాళ్ళ పేదరికం కాదు, బాగా సంపాదించినవాళ్ళే ఎంతోమంది. డబ్బు తీసుకుని జనాన్ని రంజింపజేసేవాడు కొలువు చేసేవాడి కింద లెక్క, అతిథి కింద కాదు. బ్రిటన్‌లో మొదటిసారి ఒక నటుడికి నైట్‌హుడ్ వచ్చింది 1895లో, హెన్రీ ఇర్వింగ్‌కి. మనకిది కొత్తేం కాదు. 19వ శతాబ్దంలో మన జమీందార్ల, కలవారి పెళ్ళిళ్ళకి భోగం మేళం లేకపోతే పరువు తక్కువ. మేళానికి బిడారం ఇస్తారు, సంభావన ఇస్తారు, పాటకి తల ఊపుతారు. పెళ్ళివారి పంక్తిలో విస్తరి మాత్రం వెయ్యరు. ఆస్కాట్ నియమాలు చదివేటప్పుడు ఈ పంక్తిని గుర్తు పెట్టుకోండి, చాలావరకు అర్థమైపోతాయి.


సుజాత_రెడింగ్:

రావు గారూ, పాతపుటలు గారూ, ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పంక్తి మాట చదివాక మా వాళ్ళ వాదన సగం చల్లబడింది. మరి ఫార్ములా వన్ ఛాంపియన్ సంగతి? అది నిజమేనా? ఆయన సభ్యుడు కాదు గానీ పిలిస్తేనే వెళ్ళాడని విన్నాను. పిలిచి మరీ వెనక్కి పంపడం ఏమిటి?


సెంటర్‌కోర్ట్_వంశీ:

నిజమే అక్కా, కానీ ఆస్కాట్‌లో కాదు, వింబుల్డన్‌లో. 2015 జూలై 12, పురుషుల సింగిల్స్ ఫైనల్, జకోవిచ్ ఫెదరర్ ఆడిన రోజు. లూయిస్ హామిల్టన్‌ని రాయల్ బాక్సుకి పిలిచారు. పూల చొక్కాతో వచ్చాడు. అక్కడ అడిగే కోటు, టై, తగిన బూట్లు లేవు. లోపలికి పంపలేదు. అప్పటికి రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్.

రాయల్ బాక్స్ ఎలా నడుస్తుందో తెలిస్తే ఎందుకు సడలించలేదో తెలుస్తుంది. 1922 నుంచి ఉంది. సెంటర్ కోర్టు దక్షిణం చివర 74 సీట్లు, ముదురాకుపచ్చ పేము కుర్చీల్లాంటివి. టికెట్ ఏ ధరకీ దొరకదు. వింబుల్డన్ నడిపే ఆల్ ఇంగ్లండ్ క్లబ్ ఛైర్మన్ ఆహ్వానిస్తారు. రాజకుటుంబం, విదేశీ ప్రముఖులు, టెన్నిస్ పెద్దలు, సైన్యం, మీడియా, వ్యాపారం, ఇతర ఆటల వాళ్ళు, ఇలా పేర్లు కలుపుతారు. ఆహ్వానంలో క్లబ్ హౌస్‌లో మధ్యాహ్న భోజనం, టీ, సాయంత్రం డ్రింక్స్ కలిసి ఉంటాయి. మగవాళ్ళకి సూటు లేదా కోటు, టై. ఆడవాళ్ళని టోపీ పెట్టుకోవద్దని కోరతారు, వెనక కూర్చున్నవాళ్ళకి అడ్డం కాబట్టి. ఆస్కాట్‌లో టోపీ లేకపోతే తప్పు, ఇక్కడ ఉంటే తప్పు. రెండు చోట్లకీ ఒకటే డ్రెస్ అనుకుని వెళ్ళేవాళ్ళు ఇరుక్కునేది ఇక్కడే.

ఇక్కడ సెలబ్రిటీలని దూరం పెట్టడం లేదు, పిలుస్తున్నారు. సచిన్ 2024లో ఆ బాక్సులోనే కూర్చున్నాడు, జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయన వేసుకున్నది సూటు, టై. కాబట్టి హామిల్టన్ విషయంలో నేను క్లబ్బుని పూర్తిగా తప్పుపట్టను. ఆహ్వానితులకి డ్రెస్ ముందే చెబుతారు. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. టై లేనివాడికి ఒక టై ఇచ్చి కూర్చోబెట్టడం కష్టమైన పని కాదు. వెనక్కి పంపితే ఆ వార్త లోకమంతా తిరుగుతుంది, నియమం ఎంత గట్టిదో అందరికీ తెలుస్తుంది. పెద్ద పేరున్నవాడిని ఆపడం వల్లే నియమానికి బలం వస్తుంది.


బెర్క్‌షైర్_రావు:

వంశీ చెప్పిన టై మాటకి చిన్న చేర్పు. టై లేనివాళ్ళ మీద నియమం చూపించబోతే ఆస్కాట్‌లో ఒకసారి బెడిసికొట్టింది. 2012 జనవరి పందాల్లో టై లేకుండా వచ్చినవాళ్ళకి నారింజ రంగు స్టిక్కర్లు అంటించారు. డబ్బు కట్టి వచ్చిన మనుషులకి ముద్ర వేసినట్టయింది. గొడవ రేగింది, ఆస్కాట్ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది జూన్ నుంచి గేట్ల దగ్గర సహాయకుల్ని పెట్టి టైలు, వెయిస్ట్‌కోట్లు, శాలువాలు అందించడం మొదలుపెట్టారు. అదే నియమాన్ని అమలు చెయ్యడంలో మనిషికి మర్యాద మిగల్చొచ్చని దీంతో తెలుస్తోంది.


న్యూజెర్సీ_భాస్కర్:

సుజాత గారి మూడో ప్రశ్నకి అమెరికా వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే అక్కడ రాజు లేడు, బిరుదుల్లేవు, అయినా ఇదే ఆట ఇంకా పకడ్బందీగా ఆడారు.

1870లు, 80లలో న్యూయార్కులో మిసెస్ ఆస్టర్ ఇల్లు మర్యాదస్తుల గడప. ఎవరు వరసలో ఉన్నారు, ఎవరు లేరు అని లెక్క కట్టే మనిషి వార్డ్ మెకాలిస్టర్. న్యూయార్కు మర్యాదస్తుల సమాజంలో ఉన్నది సుమారు 400 మందే అన్న మాట ఆయన 1888లో పత్రికతో అన్నదే. 1892 ఫిబ్రవరిలో జాబితా అచ్చయింది. రైళ్ళ మీద, ఓడల మీద సంపాదించిన వాండర్‌బిల్టులు అప్పటికి దేశంలోకెల్లా ధనవంతులు, కానీ వాళ్ళది నడమంత్రపు సిరి కింద జమ. దూరం పెట్టే పనిముట్టు విజిటింగ్ కార్డు. ఒకావిడ ఇంకో ఆవిడ ఇంటికి కార్డు పంపితేనే పరిచయం ఉన్నట్టు. పరిచయం లేని ఇంటి విందుకి వెళ్ళకూడదు, వాళ్ళని పిలవకూడదు. ఎవరూ ఎవరినీ తిట్టక్కర్లేదు, తలుపు మొహాన వెయ్యక్కర్లేదు, కార్డు పంపకపోతే చాలు. 1883 మార్చి 26న ఆల్వా వాండర్‌బిల్ట్ ఫిఫ్త్ అవెన్యూలో కొత్త భవనంలో మారువేషాల విందు ఇచ్చింది. తన కూతురికి ఆహ్వానం కావాలంటే ముందు మిసెస్ ఆస్టర్ ఆల్వాకి కార్డు పంపక తప్పలేదని ప్రచారంలో ఉన్న కథ. ఆహ్వానాల వివరాలు పక్కన పెట్టినా, ఆస్టర్లు ఆ విందుకి వచ్చారన్నది మాత్రం గట్టి సంగతి.

అసలు పాఠం నాకు ఒపేరాలో కనిపిస్తుంది. 14వ వీధిలో అకాడమీ ఆఫ్ మ్యూజిక్ అని పాత ఒపేరా హాలు. దాంట్లో బాక్సులు 18. అవి పాత కుటుంబాల సొత్తు, తండ్రి నుంచి కొడుక్కి. ఒక బాక్సుకి వాండర్‌బిల్ట్ 30,000 డాలర్లు ఇస్తానన్నా ఇవ్వలేదని చెబుతారు. అప్పుడు కొత్త ధనవంతులందరూ కలిసి బ్రాడ్‌వే, 39వ వీధి మూల మీద సొంత హాలే కట్టుకున్నారు. మెట్రోపాలిటన్ ఒపేరా 1883 అక్టోబర్ 22న మొదలైంది, బాక్సులే మూడు అంతస్తులు. మంచి గాయకులు అటు వెళ్ళారు, పాత కుటుంబాలూ అటే వెళ్ళాయి. 1886కల్లా అకాడమీలో ఒపేరా సీజన్ ఆగిపోయింది. బాక్సులు 18 దగ్గరే ఆపుకోవడం వాళ్ళ గొప్పతనం అనుకున్నారు. ఆ 18 బాక్సుల ఆదాయంతో కొత్త హాలు డబ్బుని తట్టుకోవడం అసాధ్యం.

కానీ కొత్త హాలు కట్టినవాళ్ళు తలుపు అందరికీ తెరిచారనుకోకండి. 1887లో సోషల్ రిజిస్టర్ అని మర్యాదస్తుల డైరెక్టరీ వచ్చింది. నాటకాల్లోకి, సినిమాల్లోకి వెళ్ళినా, నటుల్ని పెళ్ళాడినా అందులోంచి పేరు ఎగిరిపోయేది. పాత కుటుంబంలో పుట్టిన జేన్ వాయట్ నటి అయ్యాక ఆవిడ పేరు తీసేశారు. లాస్ ఏంజెలెస్‌లో సినిమావాళ్ళే ఊరిని నిలబెట్టినా, లాస్ ఏంజెలెస్ కంట్రీ క్లబ్ సినిమావాళ్ళని సభ్యులుగా తీసుకోదన్నది దశాబ్దాల తరబడి ప్రసిద్ధం. యూదులకి అక్కడ చోటు లేక 1920లో హిల్‌క్రెస్ట్ క్లబ్ పెట్టుకున్నారు. స్టూడియోల దగ్గర టొలూకా లేక్‌లో లేక్‌సైడ్ క్లబ్ బింగ్ క్రాస్బీ, బాబ్ హోప్ లాంటి సినిమా తారలకి నెలవైంది.


క్లబ్‌రోడ్_మూర్తి:

మన దేశం సంగతి అడిగారు కదమ్మా, అది నేను చెబుతాను. కలకత్తా బెంగాల్ క్లబ్ 1827 నాటిది. భారతీయుల్ని సభ్యులుగా తీసుకుంది 1959లో. స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్ళకి! రాజేంద్రనాథ్ ముఖర్జీని వైస్రాయి మింటో ఆ క్లబ్బులో విందుకి పిలిస్తే, భారతీయుడని కుదరదన్నారనీ, అందుకే 1907లో రంగు భేదం లేకుండా కలకత్తా క్లబ్ పుట్టిందనీ చెప్పుకుంటారు. బొంబాయిలో గవర్నర్ విల్లింగ్డన్ భారతీయులు, ఇంగ్లీషువాళ్ళు కలిసి కూర్చోవడానికి 1918లో విల్లింగ్డన్ క్లబ్ పెట్టాడు. డెబ్భై ఏళ్ళ తరవాత, 1988లో, చెప్పులు లేవని చిత్రకారుడు ఎం.ఎఫ్.హుసేన్‌ని ఆపింది ఆ క్లబ్బే. ఆయన చెప్పుల్లేకుండా తిరగడం దేశమంతా ఎరిగిన సంగతి. భాస్కర్ గారు న్యూయార్కు గురించి చెప్పిందే ఇక్కడా జరిగింది. ఒకరి తలుపు మూసి ఉందని కొత్త తలుపు పెట్టుకున్నవాళ్ళు, కొన్నాళ్ళకి దానికీ గడియ వేస్తారు. నాకు ఇది బాధ కలిగించే సంగతి, ఎందుకంటే ఆ క్లబ్బు పుట్టిందే ఆ అవమానం పోగొట్టడానికి.

మా సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, కంటోన్మెంటు ఆఫీసర్ల కోసం. 2022లో అగ్నిప్రమాదం జరిగేదాకా దాని భవనం సాలార్‌జంగ్ వేట బంగళా. పాత క్లబ్బుల్లో పద్ధతి దాదాపు ఒకటే. ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, పేరు నోటీసు బోర్డు మీద పెడతారు, అభ్యంతరాలకి గడువు ఇస్తారు, ఆ తరవాత కమిటీ గానీ రహస్య ఓటు గానీ. పూర్వం తెల్ల, నల్ల గోళీలు ఓ పెట్టెలో వేసేవారు. నల్లవి ఇన్ని దాటితే పేరు కొట్టేస్తారు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెప్పక్కర్లేదు. సినిమా నటుడు, కొత్త కాంట్రాక్టరు, రాజకీయ నాయకుడు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాళ్ళ మీద పైకి ఎవరికీ అభ్యంతరం ఉండదు, పెట్టెలో మాత్రం గోళీ పడుతుంది. సభ్యుల పిల్లలకి వేరే దారి ఉంటుంది, వాళ్ళు ముందు వెళ్తారు. వరసలో నిలబడ్డ బయటివాళ్ళకి ఏళ్ళు పడుతుంది.

అతిథిగా వెళ్ళేవాళ్ళకి మూడు మాటలు. సభ్యుడు పక్కన లేకుండా గేటు దగ్గరికి ముందే వెళ్ళకండి. రిజిస్టర్లో మీ పేరు, ఆయన సభ్యత్వ సంఖ్య రాసేది ఆయనే. బిల్లు మీరు కట్టలేరు, సభ్యుడి ఖాతాకే పడుతుంది, కాబట్టి పర్సు తీసి వెయిటరుని ఇబ్బంది పెట్టకండి. డైనింగ్ హాలుకి, బారుకి, లాన్‌కి డ్రెస్ వేరువేరుగా ఉంటుంది. కాలర్ లేని చొక్కా, చెప్పులు, పొట్టి నిక్కరు చాలాచోట్ల సాయంత్రం కుదరవు.


లా_పాయింట్_శ్రీదేవి:

డ్రెస్ మాట వచ్చింది కాబట్టి చట్టం కూడా చెప్పుకోవాలి. 2014 జూలై 11న చెన్నైలో తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్‌లో పుస్తకావిష్కరణ. పంచెకట్టుతో వెళ్ళిన మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి డి.హరిపరంధామన్‌ని గుమ్మంలోనే ఆపేశారు. అసెంబ్లీలో గొడవైంది. అదే ఏడాది చట్టం వచ్చింది. దాని ప్రకారం క్లబ్బు, సంఘం, ట్రస్టు ఏదైనా సరే, తమిళ సంస్కృతిని ప్రతిబింబించే పంచెకట్టుతో వచ్చినవాడిని ఆపితే లైసెన్సు పోవచ్చు, ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా. పక్క రాష్ట్రంలో పంచె కట్టేది మనవాళ్ళూ కదా, ఆ చట్టం మన పత్రికల్లోనూ బాగా చర్చకొచ్చింది.

అయితే మూర్తి గారూ, ఆ చట్టం తీర్చింది బట్టల గొడవే. అతిథిగా గుమ్మం దాటొచ్చు, సభ్యత్వం ఇవ్వమని ఎవరూ బలవంతం చెయ్యలేరు. మన రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్ళు, ప్రజా వినోద స్థలాల్లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఆపడాన్ని నిషేధించింది. అందులో హోదా గానీ వృత్తి గానీ లేదు. బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ యాక్ట్, కనీసం 25 మంది సభ్యులుండి, ఎంపిక చేసి సభ్యత్వమిచ్చే సంఘాలకి వర్తిస్తుంది. జాతి, మతం, వైకల్యం లాంటి కారణాలతో నిరాకరించకూడదు. ఆ జాబితాలో వర్గం లేదు. కాబట్టి సుజాత గారి మనుషుల్ని రంగు చూసి ఆపితే కేసు వెయ్యొచ్చు, పూచీ పడేవాళ్ళు లేరని ఆపితే వెయ్యలేరు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇది చిన్న లోటు కాదు. పాత నియమాల్లో రంగు, కులం, మతం పోయాక మిగిలింది ఈ పూచీ ఒక్కటే, ముందు వాటి పనిలో చాలా భాగం ఇప్పుడు ఇదే చేస్తోంది. సభ్యులందరూ ఒకే బడి, ఒకే వృత్తి, ఒకే బంధుత్వం నుంచి వచ్చినప్పుడు వాళ్ళు పూచీ పడేదీ అలాంటివాళ్ళకే.


సెంటర్‌కోర్ట్_వంశీ:

మేడమ్, ఇక్కడ మీతో కొంచెం విభేదిస్తాను. నలుగురు స్నేహితులు డబ్బు వేసుకుని ఓ చోటు నడుపుకుంటే ఎవర్ని పిలవాలో వాళ్ళిష్టం. ప్రతి పంక్తికీ చట్టం పెడితే ఎలా?


లా_పాయింట్_శ్రీదేవి:

నలుగురి ఇల్లయితే వాళ్ళిష్టమే వంశీ గారూ. అందుకే బ్రిటిష్ చట్టం కూడా 25 దగ్గర గీత గీసింది. కానీ ఊరి నడుమ ప్రభుత్వం లీజుకిచ్చిన స్థలంలో క్లబ్బు నడుపుతూ, కాంట్రాక్టులు, బదిలీలు, పెళ్ళి సంబంధాలు అక్కడి బల్లల దగ్గర తేలుతుంటే, అది నలుగురి ఇల్లు కాదు. కనీసం ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి ఇచ్చారు, ఎందుకు నిరాకరించారు అన్నది రాతపూర్వకంగా చెప్పాలని లీజు షరతుల్లో పెట్టొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.


సుజాత_రెడింగ్:

అందరికీ కృతజ్ఞతలు అండి. మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. పూచీ పడేవాళ్ళు మాకెవరూ లేరు, దాని కోసం పాకులాడాలనీ లేదు. ఇక ఒక్కటే: 12 మందికి, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు, ముగ్గురు పిల్లలు, ఏ ఎన్‌క్లోజర్ మంచిది?


బెర్క్‌షైర్_రావు:

పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నా ఓటు విండ్సర్‌కి. అక్కడ డ్రెస్ నిబంధన లేదు, అయినా చాలామంది ముస్తాబై వస్తారు, మీ చీరలు ఎబ్బెట్టుగా ఉండవు. ఇంటి నుంచి తిండి తెచ్చుకుని పచ్చిక మీద దుప్పటి పరుచుకోవచ్చు, పులిహోర, దద్దోజనం హాయిగా తినొచ్చు. గుర్రాల్ని పందానికి ముందు తిప్పే పరేడ్ రింగ్ దగ్గరనుంచి చూడాలంటే మాత్రం క్వీన్ ఆన్ కొనాలి. అందులో మగవాళ్ళకి సూటు, టై, ఆడవాళ్ళకి టోపీ గానీ ఫాసినేటర్ గానీ. విలేజ్ ట్రాక్ లోపలి వైపు ఉంటుంది, ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకోండి.

గురువారం గోల్డ్ కప్ రోజు, దాన్నే లేడీస్ డే అంటారు, చాలా రద్దీ. పెద్దవాళ్ళతో అయితే మంగళవారమో బుధవారమో చూసుకోండి. రాజుగారి గుర్రబ్బండ్ల ఊరేగింపు ప్రతిరోజూ మధ్యాహ్నం 2 గంటలకి, ట్రాక్ వెంట అందరి ముందు నుంచే వెళ్తుంది, దానికి ఏ బ్యాడ్జీ అక్కర్లేదు. ఒంటిగంటకల్లా కంచె దగ్గర చోటు చూసుకుని పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టండి. తిరుగు ప్రయాణంలో చివరి పందెం అవ్వగానే స్టేషనుకి పరిగెత్తకండి, క్యూ చాలా పొడుగు. ఓ గంట ఆగి బయల్దేరితే పెద్దవాళ్ళకి కూర్చునే చోటు దొరుకుతుంది.